కొలతల రాత్రి

గొర్రెను కొనేటప్పుడు పళ్ళు చూస్తాం.
దీనికి వీపు చూడాలి.
పుంతా అరేనాస్ సుంకం లేని బజారులో
అమ్మే కుర్రాడు ముందున్న నీలం దీపాన్ని పొగుడుతుంటే
రిసీవర్ని నా వైపు తిప్పుకున్నాను.
ఎరుపూ నలుపూ జంటలుగా మరలు,
టీవీకి ఒక దారి, బాస్ డబ్బాకి ఒక దారి,
పేరు తెలియని రంధ్రాలు ఇంకో పది.
నలభై ఏళ్ళు ఉన్ని గోదాములో తూకం వేసినదాన్ని,
అట్టపెట్టె మీద రాసిన అంకె నమ్మను.
"నూట యాభై వాట్లు" అన్నాడు.
"ఒక్క స్పీకరు పలికితేనా, అయిదూ కలిసి పలికితేనా?"
కుర్రాడు మెడ గోక్కున్నాడు.

మా తమ్ముడు యెర్కోకి ఏడు కావాలి.
పైకప్పు నుంచి వాన కురిపించేవి ఇంకో రెండు కావాలి.
ఎడమ చెవి ఎప్పుడో చమురు బావి దగ్గర వదిలేసొచ్చినవాడికి
ఇన్ని దిక్కులెందుకని అడగలేదు నేను.
డబ్బు లెక్క చెప్పానంతే.
అయిదు చాలన్నాడు,
చాలనట్టు మొహం పెట్టి.

ఎర్ర తీగ ఎర్రదానికి, నల్లది నల్లదానికి.
అంత తేలిక మాటలో కూడా ఒకసారి తప్పాం.
తిరగేసి బిగించిన స్పీకరు అలిగిన చుట్టం:
పలకడం మానదు,
తక్కినవి ముందుకి తోస్తే తను వెనక్కి లాగుతుంది.
రిసీవరు నెత్తిన జానెడు ఖాళీ ఉంచాలి, వేడి పోవడానికి.
అక్కడే మాతే బుర్ర పెట్టబోయాడు యెర్కో.
అరిచాను.

చివరికి మైకు.
యెర్కో కుర్చీలో, యెర్కో చెవులంత ఎత్తున,
పాత పత్రికల దొంతర మీద.
తెర మీద అక్షరాలు: గదిలో చప్పుడు ఎక్కువగా ఉంది.
ఫ్రిజ్ ఆపాం.
గోడ గడియారాన్ని దుప్పట్లో చుట్టి స్నానాల గదిలో పడుకోబెట్టాం.
యెర్కో ఊపిరి బిగబట్టాడు.
చప్పుడు ఎక్కువగా ఉంది.
అప్పుడు ఇద్దరం తలెత్తి చూశాం.
రేకుల మీద గాలి.
మనుషులు పట్టుకు నడవడానికి వీధుల్లో తాళ్ళు కట్టే ఊరు మాది.
పుట్టిన నాటి నుంచీ ఉన్నది కనక
దాన్నెప్పుడూ వినలేదు.

మూడు రోజులు మైకు ఆ కుర్చీలోనే కూర్చుంది,
పెళ్ళి మాటలకొచ్చిన పెద్దమనిషిలా.
యెర్కో నిలబడి తిన్నాడు.

గురువారం తెల్లవారుజామున నాలుగింటికి
నన్ను కుదిపి లేపాడు.
ఏమైందన్నాను.
ఏమీ లేదన్నాడు.
నిజంగానే ఏమీ లేదు.
రేవులో ఏదో పడవ గొలుసు ఒక్కసారి కదిలి ఊరుకుంది.
దుప్పట్లు కప్పుకుని గోడవార నేల మీద కూర్చున్నాం,
దొంగతనానికొచ్చినట్టు, మా ఇంట్లోనే.
ముందు ఎడమ. నడుమ. కుడి.
చీకట్లో తాళంచెవి తడుముకునే మనిషిలా
ఆ కూత గదంతా తిరిగింది.
యెర్కోకి కూత తెలుస్తుంది, ఎటు నుంచో తెలియదు.
వెనక ఎడమ వంతు వచ్చినప్పుడు
నా మొహంలోకి చూశాడు.
వేలితో చూపించాను.

నడిమిది రెండు మీటర్ల అరవై, సరే.
వెనకవి ఒకటి ఎనభై, రెండు పది, సరే.
బాస్ డబ్బా తొమ్మిది మీటర్లు.
మా ఇల్లు మొత్తం ఏడే!
టేపు పట్టి చూస్తే మూడు.
తూకం మనిషిని కదా, దిద్దబోయాను.
"ఉండనీ" అన్నాడు యెర్కో,
"అది దూరం కాదు, ఆలస్యం.
బదులు పలికే ముందు ఆ డబ్బా కాస్త ఆలోచించుకుంటుంది."
"ఎడమ నుంచి పిలిస్తే నువ్వూ తొమ్మిది మీటర్లే" అన్నాను.
చాలా రోజులకి నవ్వాడు.
అంకె దిద్దలేదు.

శనివారం ఏదో సముద్రం సినిమా పెట్టాం.
ఓడ ఇంకా రేవు దాటనేలేదు,
దడదడమని మొదలైంది.
యెర్కో కుర్చీలో నిటారుగా లేచాడు.
"పైన స్పీకర్లు మనం కొనలేదు కదా?"
కొనలేదు.
"పైనుంచే కదూ వచ్చింది?"
పైనుంచే.
మళ్ళీ వెనక్కి ఆనుకుని, గొప్పగా,
ఒక గీత పెంచమన్నాడు.
పెంచలేదు నేను.